అంజూరు మొక్కలూ, చెమట పట్టని కుండలూ

రండర్రా, చాప ఇలా లాక్కుని నా దగ్గరగా కూచోండి. తెలుగు చదవడం వచ్చినవాళ్లు పైకి చదవండి, రానివాళ్లు చెవి ఇటు పెట్టండి. నేను చదివింది రైల్వే కాలనీ తెలుగు బడిలో ఐదో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకోండి. జ్ఞాపకంలో తప్పుంటే మాత్రం నిలదీయండి, ఊరుకోవద్దు. ఇది నాకు పర్మనెంటు ఉద్యోగం వచ్చిన సంగతి. అది రాకుండా పోవడానికి నా చేతులతో నేనే ముప్పై గోతులు తవ్వుకున్న సంగతి కూడా.

ఎనభైల చివరి సంవత్సరాలు. బిలాస్‌పూర్‌లో బొగ్గింజన్లు తగ్గుతున్నాయి గానీ పూర్తిగా పోలేదు. తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగు తేలేది. మా మామగారు శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇంజన్ల షెడ్డులో చేరినవారు. మా ఆయన కూడా ఆ షెడ్డులోనే కలాసీ, మిస్త్రీల చేతికింద పనివాడు. నాకు మాత్రం ఏడాదికి మూడున్నర నెలలే పని. వేసవిలో ప్లాట్‌ఫాం మీద మంచినీళ్లు పోసే పని. ఇసుకలో వరసగా కుండలు కూర్చోబెట్టి, తడిగుడ్డ చుట్టి, రైలు ఆగగానే కిటికీల్లోంచి చాపిన చెంబులకీ సీసాలకీ దోసిళ్లకీ పోసుకుంటూ పరిగెత్తడం. వానలు పడగానే ఇంటికి పొమ్మనేవారు. మళ్లీ ఏప్రిల్ దాకా ఎదురుచూపే.

సీజను ఆఖరుకి ఆ కుండలు నీళ్లను చల్లబరచడం మానేసేవి. ఎంతసేపు ఉంచినా గోరువెచ్చగానే ఉండేవి. "ఈ కుండలు సచ్చిపోనాయే" అని మేమే వాటిని మోసుకెళ్లి పార్సిల్ ఆఫీసు వెనక పారేసేవాళ్లం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అందుకే మీకింత కథ చెప్పాల్సి వస్తోంది.

ఒక చలికాలం కాలనీ చివరున్న నర్సరీకి కొత్త గార్డెన్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మన తెలుగువాడే. వ్యవసాయం చదువుకున్న కుర్రాడు, పెళ్లి కుదిరి ఉంది, మాట మెత్తన. నర్సరీ అంటే ఏముంది, నాలుగు క్రోటన్లు, ఆఫీసర్ల బంగళాలకు పంపే బంతిమొక్కలు. ఆ స్థలాన్ని తీసేసుకుని పట్టాల కింద వేసే పాత స్లీపర్లు పేర్చుకుందామని పైవాళ్లు చూస్తున్నారు. దాన్ని ఎలాగైనా నిలబెట్టాలని ఈ కుర్రాడు పట్టుబట్టి, ఎక్కడెక్కడినుంచో అంజూరు కొమ్మలు తెప్పించాడు. మూడు రకాలు. పూనా అంజూరు, బళ్లారి అంజూరు, టర్కీ అంజూరు. ఈ నేలలో ఏది నిలుస్తుందో చూసి, నిలిచినదాన్ని కాలనీ అంతా పెంచాలని ఆయన ఆశ.

ఆడమనిషి కావాలన్నారని వెళ్లాను. నా చేతులు చూసి, "అమ్మా, బరువులు మోస్తారా?" అన్నాడు.

"ప్లాట్‌ఫారం మీద రోజుకి ఎన్ని బిందెలు మోసినానో ఆ రైల్లనే అడగండి బాబూ."

నవ్వి చేర్చుకున్నాడు. టెంపరరీ. "వేసవి చివర్లో పెద్ద ఆఫీసరు వస్తారు. ఈ మొక్కలు ప్రాణంతో కనిపిస్తే నర్సరీ ఉంటుంది, మీ పేరు నేను పర్మనెంటుకి రాస్తాను. కనిపించకపోతే నర్సరీ ఉండదు, నేనేమీ చెయ్యలేను" అని ఉన్నమాట ముందే చెప్పాడు. ఆ ధైర్యంతో ఆ ఏడాది ప్లాట్‌ఫాం పనికి పేరివ్వలేదు నేను. నా స్థలంలో ఇంకొకామె చేరిపోయింది. అంటే వెనక్కి పోవడానికి దారి లేదన్నమాట.

అక్కడ మాలీ ఒకడే. ఛత్తీస్‌గఢీ ముసలాయన, కకా అనేవాళ్లం, అంటే వాళ్ల భాషలో బాబాయి. ఆయన నన్ను నోనీ అనేవాడు, అమ్మాయీ అని. మనవాళ్ల గ్యాంగుల్లో పనిచేసి తెలుగు తన పద్ధతిలో నేర్చుకున్నాడు. అంజూరు కొమ్మలు చూసి పెదవి విరిచాడు. "నోనీ, ఇవి మా డూమర్ చెట్టుకి చుట్టాలు. అడవిలో దానికి ఎవడు నీళ్లు పోస్తాడు? వీటికి ఇంత మర్యాద ఎందుకు?" డూమర్ అంటే మన మేడి. చుట్టరికం నిజమే గానీ, అడవిలో పెరిగిన చుట్టమూ పట్నంలో పెరిగిన చుట్టమూ ఒకటవుతాయా?

కొమ్మలు సంచుల్లో వేరు పట్టాక మార్చి మొదట్లో నేలలో నాటాం. రకానికి పది, మొత్తం ముప్పై. ఇన్‌స్పెక్టర్ ఇంగ్లీషులో రేకు చీటీలు కడితే నాకేం తెలుస్తుంది? గార్డుల దగ్గర చిరిగిపోయిన జెండాలు అడిగి తెచ్చి ముక్కలు చేశాను. పూనాకి ఎర్ర గుడ్డ, బళ్లారికి ఆకుపచ్చ గుడ్డ, టర్కీకి మా ఆయన పాత బనీను ముక్క. ఇన్‌స్పెక్టర్ రెండు రోజులు రేకులు చూసుకున్నాడు, మూడో రోజునుంచి ఆయన కూడా "ఎర్రవాటికి నీళ్లు పోశారా?" అనడం మొదలెట్టాడు. ఎంత సంతోషమేసిందో!

ఇక నీళ్లు. కుళాయి పొద్దున గంటసేపు వచ్చేది. పాదుల్లో పోస్తే పదింటికల్లా ఎండ తాగేసేది. లేత మొక్కకి ఒక్కసారిగా పోసే నీళ్లకంటే కొంచెం కొంచెంగా అందే నీళ్లు మంచివని ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచాను. "మా అమ్మమ్మ ఆనపపాదు పక్కన కుండ పాతీది బాబూ. కుండ సెమరుస్తాది కదా, ఆ సెమ్మ ఏరు తాగుతాది. మనిసి రోజూ పొయ్యక్కర్లేదు."

ఆయన కళ్లు వెలిగాయి. పుస్తకంలో చదివాడట గానీ చేసినవాళ్లని చూడలేదట. "కానీ ముప్పై కుండలెక్కడివమ్మా?"

"దానికేటి బాబూ, పార్సిలాఫీసు ఎనకాల గుట్టలున్నాయి!"

చూశారా? ఏడాది క్రితం నేనే చచ్చిపోయాయని పారేసిన కుండలు. పగుళ్లు లేవు, అంచులు విరగలేదు, ఊరికే వస్తున్నాయి. తోపుడుబండి మీద నాలుగు ట్రిప్పులు వేసి తెచ్చి, మొక్కకి జానెడు దూరంలో మెడదాకా పాతి, మూతికి పెంకు మూత పెట్టాను. కాలనీవాళ్లు ఆగి ఆగి చూసి పోయేవారు. నా నడకే మారిపోయింది ఆ రోజుల్లో. "ఏటే, ఇంజినీరమ్మ డ్యూటీ దిగినాదేటి?" అని మా అత్త వెక్కిరించేది.

ఏప్రిల్లో ఇన్‌స్పెక్టర్ పెళ్లికని సెలవు మీద ఊరికి వెళ్లాడు. ఇక కుండలే చాలని పాదుల్లో నీళ్లు పోయడం మానేశాం. పొద్దుటి పని నాది, సాయంత్రం పని కకాది. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనిపించేది శనివారం హాజరు దగ్గరే. నేను రోజూ వచ్చి వరసలో మొదటి రెండు మూతలు ఎత్తి చూసేదాన్ని. కుండ నిండుగా ఉండేది. కకా ఎంత మంచివాడు, రాత్రికి సరిపడా నింపి వెళ్లాడు అనుకుని కలుపు తీసుకునేదాన్ని. ఆయన సాయంత్రం వచ్చి ఆ రెండు మూతలే ఎత్తేవాడు. నోనీ నింపేసి వెళ్లింది, బంగారం లాంటి పిల్ల అనుకుని బీడీ ముట్టించుకునేవాడు. శనివారం కలిస్తే "శభాష్ నోనీ" అనేవాడు. దేనికో అడగకుండానే నేను మురిసిపోయేదాన్ని.

మే వచ్చింది. వడగాలి మొదలైంది, అక్కడ దాన్ని లూ అంటారు. ముందు ఎర్రగుడ్డ మొక్కలు ఆకులు వేలాడేశాయి. తర్వాత ఆకుపచ్చవి. అంజూరు ఆకు చేతివేళ్లలా విచ్చుకుని ఉంటుంది, ఆ వేళ్లన్నీ ముడుచుకుని పడిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. లూ అనుకున్నాం. గోనెపట్టాలు కట్టాం. వారం తిరక్కుండా ముప్పైకి ముప్పై కర్రపుల్లలయ్యాయి.

ఒకరోజు పొద్దున రాలిన ఆకులు ఏరుతూ, ఎందుకో వరస మధ్యలో ఉన్న కుండ మూత ఎత్తాను. కుండ మూతికి అడ్డంగా సాలెగూడు! పెద్దది, చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద నీళ్లు నిండుగా మెరుస్తున్నాయి. గూడు చెదరకుండా నీళ్లెవరు పోశారు? పరిగెత్తుకుంటూ పక్కది ఎత్తాను. అక్కడా గూడే. చేత్తో కుండ పక్కన తవ్వాను. మోచేతి లోతున కూడా దుమ్మే లేచింది.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా కకా కోసం గేటు దగ్గరే కూర్చున్నాను.

"కకా, కుండల్లో నీల్లు ఎప్పుడు పోసినావు?"

"నేను ఎందుకు పోస్తాను? రోజూ నువ్వు నింపేస్తావు కదా."

"నాను నింపీది ఏటి? నువ్వు నింపేస్తన్నావని నాననుకుంతన్నాను!"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నెలన్నరగా ఎవరూ చుక్క పోయలేదు. ఎవరూ చుక్క తాగలేదు. కుండలు నిండుగానే ఉన్నాయి, మొక్కలు పక్కనే గొంతెండి చచ్చాయి. కకా బీడీ ఆరిపోయింది. "అరే నోనీ, ఇది కుండ కాదు, రాయి" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వాను, తర్వాత ఇంటిదాకా ఏడ్చాను.

మర్నాడే ఇన్‌స్పెక్టర్ సెలవునుంచి వచ్చాడు. పెళ్లికొడుకు ప్యాంటు, చేతికి ఇంకా కంకణం. గేటు లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయాడు. కకా నా చెవిలో "లూ మీద పెట్టేద్దాం, లూ వచ్చి సాక్ష్యం చెప్పదు" అన్నాడు. పాపం, నన్ను కాపాడాలనే. నాకు కూడా నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ లూ అని చెప్తే వచ్చే ఏడు ఇంకొకామె మళ్లీ ఆ కుండలే పాతుతుంది కదా!

"బాబూ, తప్పు నాదే. సచ్చిన కుండలు తెచ్చి పాతినాను. అవి సెమర్సనేదు. నిండుగున్నాయని నానూ మోసపోనాను. మొదటి రెండే సూసినాను. మిగతావి సూణ్నేదు."

ఆయన కుండ దగ్గర కూర్చుని వేలితో మట్టి తవ్వి చూశాడు. లేచి, "ఇరవై రోజుల్లో పెద్దాయన వస్తున్నారమ్మా. ఈ పుల్లలు చూపించలేను. పీకేయండి" అన్నాడు.

పీకమన్నాడు సరే. నా చెయ్యి మొదటి మొక్క మీద పడ్డది గానీ లాగలేదు. నాటిన రోజు ఆయనే చెప్పాడు, కొమ్మ బతికుందో లేదో గోరుతో గీకి చూడమని, ప్రాణముంటే పాలొస్తాయని. గీకాను. ఎండు గోధుమరంగు. రెండోది గీకాను, అదీ అంతే. అలా ఎర్రగుడ్డల్లో ఐదారు చూసి, వాటి మీద ఆశ వదులుకుని, మా ఆయన బనీను ముక్క కట్టినదాని దగ్గరికొచ్చి గీకితే... తెల్లగా, ఆవగింజంత, పాలచుక్క!

"బాబూ! పాలు! పాలొచ్చినాయి బాబూ!"

పెళ్లికొడుకు ప్యాంటుతో దుమ్ములో మోకాళ్ల మీద పడ్డాడు ఆయన. ఆ చివరినుంచి ఆయన, ఈ చివరినుంచి నేను, మధ్యలో కకా. "ఉంది!" "లేదు!" "ఉంది, ఉంది!" గేటు బయట జనం పోగయ్యారు, బంగారం దొరికిందనుకున్నారో ఏమో. ఎర్రవి రెండే మిగిలాయి. ఆకుపచ్చవి ఏడు. తెల్లవి పదికి పది. కకా తెల్లవాటి ముందు నిలబడి, "చూడు, ఇవే మా డూమర్‌కి నిజమైన చుట్టాలు" అన్నాడు.

బతికున్నవాటిని బతికించుకోవాలంటే కుండలు చెమర్చాలి. కొత్త కుండలకు కాగితం పెడితే వానలు వెళ్లాక వస్తాయి. అప్పటిదాకా చెంబులతో తడుపుతూ ఉండమన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం సహించక కూర్చుంటే, మా అత్త పెరట్లో నీళ్లు కాచే డేగిసా తోముతోంది. మా నీళ్లకి అడుగున సున్నంలా తెల్లటి పొర కట్టేది. చారు పిసగ్గా మిగిలిన చింతపండు పిప్పితో రుద్దుతోంది. పొర కరిగి గిన్నె మెరుస్తోంది. నేను అటే చూస్తూ ఉండిపోయాను. కుండ లోపల కూడా ఆ పొరే! అన్నాళ్లూ నీళ్లు నిలబడి నిలబడి సన్న రంధ్రాలన్నీ సున్నంతో పూడిపోయాయి!

"అత్తా, ఆ పిప్పి నాకియ్యి!"

"ఏటే, పిచ్చెక్కినాదేటి? అన్నం మానీసి పిప్పి తింతావా?"

"తినను. కుండలికి తినిపిస్తాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, కారణం విని, చెయ్యి కడుక్కుని లేచింది. "గుప్పెడు పిప్పి ముప్పై కుండలికేటి సాల్తాది? పద" అని నాకంటే ముందు వీధిలోకి నడిచింది. మా వరసలో ఇరవై ఇళ్లు తెలుగువాళ్లవి. చారో పులుసో లేని పూట లేదు. "ఒలమ్మో, మా కోడలి నౌకరీ మీ సింతపండు సారు మీద ఉన్నాదర్రా, పిప్పి పారీకండి!" అని గడప గడపకీ చెప్పింది. "సింతపిక్కలు కూడా కావాలేటి పిన్నీ?" అని ఒకామె వేళాకోళమాడితే, "ఇయ్యి, నీ మొగుడు ఆడుకుంతాడు" అంది మా అత్త. నాలుగు రోజుల్లో రెండు బకెట్లు నిండాయి. చారు చిక్కగా పెట్టడానికి అదో వంక దొరికింది అందరికీ.

మొక్క వేరు తెగకుండా ఒక్కొక్క కుండా పైకి తీశాం. పిప్పి వేసి, వేడినీళ్లు పోసి ఒక రోజు నానబెట్టాం. చెవి పెట్టి వింటే లోపల చుయ్‌మని సన్నగా చప్పుడు! కొబ్బరిపీచుతో రుద్దితే తెల్లటి మడ్డి వచ్చింది. మూడుసార్లు కడిగి, పులుపు మొక్కలకి తగలకుండా ఆ నీళ్లు గోడవారన పారబోశాం. ఆఖరికి మొదటి కుండని నీళ్లతో నింపి గట్టు మీద పెట్టి, చుట్టూ కూర్చున్నాం. ఇన్‌స్పెక్టరూ, కకా, నేను, మా అత్త. నలుగురు మనుషులు ఒక కుండకేసి కన్నార్పకుండా చూడటం మీరెప్పుడైనా చూశారా?

అరగంట. ఏమీ లేదు. గంట. కకా బీడీ తీశాడు. మా అత్త "బీడీ ఆపు బాబూ, కుండకి బెంగెడతాది" అంది. అంతలో కుండ నడుం దగ్గర ఎర్రమట్టి రంగు కొంచెం ముదిరింది. నీడేమో అనుకున్నాను. నా చెంప ఆనించాను. చల్లగా, తడిగా!

"సెమట పట్టినాది! అత్తా, కుండకి సెమట పట్టినాది!"

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. అంత చదువుకున్నవాడు, చిన్నపిల్లాడిలా. "నేనూ చదివానమ్మా, కుండ చెమరుస్తుందని. మానేస్తుందని మాత్రం ఎవరూ రాయలేదు" అన్నాడు. ఆయన పెద్దమనసు అది. మానేస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఆలోచించకపోవడమే నా తప్పు.

అప్పటినుంచి పొద్దునా సాయంత్రం అన్ని మూతలూ ఎత్తేవాళ్లం. వేలు ముంచి, ఎంత దిగిందో ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. రోజుకి జానెడు దిగేది. నీళ్లు తగ్గితే అంత ఆనందపడ్డ మనుషులు బిలాస్‌పూర్‌లో ఆ వేసవి మేమే అయ్యుంటాం. పదకొండో రోజున తెల్లగుడ్డ మొక్క కొనలో ఎలుక చెవంత చిగురు.

పెద్ద ఆఫీసరు వచ్చేనాటికి తెల్లవన్నీ, ఆకుపచ్చవి ఐదూ చిగురేశాయి. ఎర్రవి రెండూ ఇంకా పుల్లలే. ఆయన గేటు దాటగానే ముక్కు ఎగరేశాడు. "ఇక్కడ రసం వాసన వస్తోందేమిటి?" అన్నాడు హిందీలో. ఇన్‌స్పెక్టర్ ఆయన్ని గబగబా మొక్కల వైపు తీసుకొచ్చాడు. నడుచుకుంటూ వచ్చి ఎర్రగుడ్డ దగ్గర ఆగి, "ఇవి చచ్చిపోయాయి కదా?" అన్నాడు.

భయం ఎక్కడికి పోయిందో తెలీదు. నేను ముందుకెళ్లి గోరుతో గీకాను. పాలచుక్క వచ్చింది. "బతికే ఉన్నాయి సాబ్. కొంచెం ఆలస్యం, అంతే." ఆయనకి నమ్మకం చాలక వేలితో తడిమి, వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "ముట్టుకోవద్దు సాబ్, దురద..." అనేలోపే అయిపోయింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ కుండల కథ మొత్తం చెప్పాడు, తప్పు నాదని కాకుండా, దిద్దింది నేనని. ఆయన వింటూనే ఉన్నాడు, వేలు గోక్కుంటూనే ఉన్నాడు. నర్సరీ ఉంచమని, నా పేరు పంపమని, అక్కడే బల్ల మీద సంతకం పెట్టాడు. ఆ వేలు రెండు రోజులు వాచిపోయి ఉందని తర్వాత బంగళా మాలీ చెప్పాడు. పాపం అనిపించింది గానీ, సంతకం ముందే అయిపోయింది.

ఇరవై రెండేళ్లు ఆ నర్సరీలో చేశాను. ఎర్రవాటిలో ఒకటి చివరికి పోయింది, దాన్ని నా చేతులతోనే పీకాను. మరుసటి ఏడాది తెల్లగుడ్డ చెట్టుకి మొదటి కాయ పండింది. కకా మా డూమర్ పండే నయమని చెబుతూ తన ముక్క చప్పరించాడు. చింతపిప్పి ఇచ్చిన ఇళ్లకి ముక్కలు సరిపోక వేళ్లకంటిన గుజ్జే పంచినంత పని చేశాను. ఆఖరి ముక్క మా అత్త నోట్లో పెట్టాను. కళ్లు మూసుకుని నమిలి, అంది కదా: "ఇన్ని బకెట్ల సింతపండు పోసి పెంచినాం. పులుపు ఏదే?"

చల్లగా ఉండండర్రా. మీ ఇంట నీళ్లకుండ ఎప్పుడూ నిండాలి. నిండి ఊరుకోకుండా చెమర్చాలి. దాని పక్కన మీరు నాటినవన్నీ చిగురెయ్యాలి.